విరాళాల కోసం విదేశంలో ట్రయాథ్లాన్: బెజవాడ నుంచి వెళ్లేవారికి దశలవారీ మార్గదర్శి

తెల్లవారుజామున కృష్ణా ఘాట్ల దగ్గర ఈదేవాళ్లూ, అమరావతి రోడ్డు మీద సైకిల్ తొక్కేవాళ్లూ ఈ మధ్య నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. విదేశంలో పెద్ద ట్రయాథ్లాన్ చేసి, దాని పేరుతో ఒక మంచి పనికి డబ్బు పోగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది సైకిల్ కొనడంతో మొదలుపెడతారు. నేనూ అంతే. కాళ్లు, ఊపిరి బాగానే పనిచేశాయి కానీ విరాళాల లెక్క దగ్గర బోల్తాపడ్డాను. అందుకే ఈ వరుస: ముందు తేదీ, తర్వాత డబ్బు, ఆ తర్వాతే సాధన, సామాను.

ఇక్కడ చెప్పేది పూర్తి దూరం పోటీ గురించి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు, మొత్తం 226 కిలోమీటర్లు. ఒకదాని వెంట ఒకటి, సాధారణంగా 17 గంటల్లో పూర్తిచేయాలి. ఈతకు 2 గంటల 20 నిమిషాలే గడువు.

1. ముందు తేదీ, ఆ తర్వాతే దేశం

పోటీకి ముందు మూడు నాలుగు నెలలు సాధన ముదురుతుంది. ఆ నెలలు విజయవాడలో ఎలా ఉంటాయో చూసుకుని పోటీ ఎంచుకోవాలి. ఐరోపా పోటీలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా జరుగుతాయి. జూన్, జులై పోటీ ఎంచుకుంటే ఏప్రిల్, మే ఎండల్లో ఆరేడు గంటలు సైకిల్ తొక్కాలి. ఉదయం ఎనిమిదికే తారు వేడెక్కే ఊరు మనది. నవంబరు, డిసెంబరు పోటీలైతే అసలు సాధన వానల్లో, కృష్ణ పోటెత్తే రోజుల్లో పడుతుంది. నది మీద ఆశ వదులుకోవాలి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే పోటీలు మన వాతావరణానికి చక్కగా సరిపోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఇక్కడ సాధనకు అంతకంటే మంచి కాలం లేదు. న్యూజిలాండ్‌లోని టౌపో, దక్షిణాఫ్రికాలోని గెబెర్హా పోటీలు ఈ కోవలోవి. నేను టౌపో ఎంచుకున్నాను. మంచినీటి సరస్సు, మనలాగే ఎడమవైపు ప్రయాణం. చలి సంగతి తర్వాత చెబుతాను.

నార్వేలో నార్స్‌మన్ అనే పోటీ ఉంది. ఓడ మీదినుంచి చల్లని సముద్రపు పాయలోకి దూకి మొదలుపెట్టి, కొండ శిఖరం మీద ముగిస్తారు. ఫొటోలు చూసి ముచ్చటపడండి. మొదటి ప్రయత్నానికి మాత్రం వద్దు.

రుసుము కట్టే ముందు చూసుకోవాల్సినవి:

- సగం దూరం పోటీ (1.9, 90, 21.1 కిలోమీటర్లు) కనీసం ఒకసారి పూర్తిచేశారా? లేకపోతే ముందు గోవాలో జరిగే సగం దూరం పోటీ చేయండి.
- ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకున్నారా?
- పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత ఆరు నెలలైనా ఉందా? నమోదులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశారా?
- రద్దు చేసుకుంటే రుసుములో ఎంత వెనక్కి వస్తుందో చదివారా?

2. రెండు డబ్బాలు పెట్టుకోండి

"పోటీకయ్యే ఆ నాలుగు లక్షలూ నేరుగా ఆ మంచి పనికే ఇచ్చేయకూడదా?" అని మా బాబాయి భోజనాల దగ్గర పదిమందిలో అడిగాడు. మీకూ ఈ ప్రశ్న తప్పదు. దానికి ఒక్కటే సరైన జవాబు: "పోటీ ఖర్చు నా జేబులోంచి పెట్టుకుంటున్నాను బాబాయ్. మీరిచ్చే ప్రతి రూపాయీ ఆ పనికే వెళుతుంది." ఆ మాట నిజమై ఉండాలి.

కాబట్టి మొదటి రోజు నుంచే రెండు డబ్బాలు. ఒకటి మీ ఖర్చు: రుసుము (ఇదొక్కటే అరలక్ష దాటుతుంది), విమానం, వీసా, బస, వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో ఈదేటప్పుడు వేసుకునే రబ్బరు సూటు). నాకు సైకిల్ కాకుండా నాలుగు లక్షలు దాటింది. రెండోది విరాళం. మొదటి డబ్బా నిండేదాకా రెండోది తెరవకండి. ఎవరైనా మీ టికెట్టుకు సాయం చేస్తామంటే అది టికెట్టు కోసమేనని కాగితం మీద రాయించుకోండి.

నేను చేసిన తప్పు ఇదే. మొదటి రెండు వారాలు అందరికీ నా సొంత యూపీఐ నంబరు ఇచ్చాను. కిరాణా చెల్లింపులు, పాల బిల్లు, మధ్యలో 501, 1,116, 2,000. ఎవరిది విరాళమో, ఎవరిది అప్పు తిరిగి ఇచ్చిందో తేల్చడానికి మూడు ఆదివారాలు పట్టింది. పైగా బంధువులు కానివారి నుంచి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటి మీ ఖాతాలోకి వస్తే అది మీ ఆదాయంగా లెక్కకు వచ్చి పన్ను పడవచ్చు.

3. విరాళాల పని: పదహారు వారాల ముందు నుంచి

*సంస్థను ఎంచుకోవడం.* ఊళ్లో మీరు కళ్లారా చూడగలిగిన పని ఎంచుకోండి. "పేద పిల్లల చదువు" అంటే ఎవరికీ ఏదీ కనిపించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు బడి పుస్తకాలు, కుట్టుమిషన్లు కూడా పోయాయి. "ఇరవై కుట్టుమిషన్లు" అంటే ఇచ్చేవాడికి లెక్క తెలుస్తుంది. సంస్థ దగ్గర అడగాల్సినవి:

- 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) నమోదు పత్రాలు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు
- నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వేదిక) నమోదు సంఖ్య
- వాళ్ల పేరు మీద విరాళాలు అడగడానికి మీకు అనుమతి లేఖ
- సంస్థ ఖాతాకే నేరుగా వెళ్లే క్యూఆర్ కోడ్, రసీదులు ఎవరు పంపుతారో ఒక పేరు, ఒక ఫోను నంబరు

*అమెరికా బంధువులు.* మనవాళ్లలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. డల్లాస్‌లో ఉన్న మీ బావ చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, అతను బ్యాంకు ద్వారా పంపిన సొంత డబ్బు విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి సంస్థకు ఇప్పించండి. అతను అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డున్నా సరే, తెలుగువాడైనా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉన్న సంస్థే, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. ఆ నమోదు లేని సంస్థకు అలాంటి డబ్బు మళ్లించే దొడ్డిదారులు వెతకొద్దు.

*అడిగే వరుస.* పెళ్లి చదివింపుల పుస్తకం గుర్తుందా? మొదటి పేజీలో పడిన అంకెను బట్టే తర్వాతివాళ్ల చెయ్యి జేబులోకి వెళుతుంది. ఇదీ అంతే. మీ విరాళం మొదట, ఆపై దగ్గరివాళ్లు నలుగురైదుగురు, ఆ తర్వాతే అందరికీ సందేశం. సందేశంలో నాలుగే విషయాలు ఉండాలి: ఏ పని, ఎంత కావాలి, ఎక్కడ పంపాలి, మీ ఖర్చు మీదేనన్న మాట.

కిలోమీటరుకు ఇంత అని అడగడం మనవాళ్లకు బాగా నచ్చుతుంది. పది రూపాయల చొప్పున 226 కిలోమీటర్లకు 2,260. కానీ "పూర్తిచేస్తేనే ఇస్తా" అనే పందెం ఒప్పుకోకండి. మోకాలు వాచినా కుట్టుమిషన్ కోసం పరుగెత్తాల్సి వస్తుంది. డబ్బు పోటీకి ముందే సంస్థకు చేరాలి.

80జి గురించి ఒక్క మాట. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్న దాతకే దక్కుతుంది, 2,000 దాటిన నగదుకు దక్కదు. అడిగినవాళ్లకు ఇది ముందే చెప్పండి.

4. ఏడాది సాధన, మన కాలాల ప్రకారం (మార్చి పోటీకి)

మార్చి–మే: కొలనులో ఈత మెళకువలు, ఉదయం అయిదుకు చిన్న పరుగులు, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు) మీద సైకిల్. వారానికి ఆరేడు గంటలు చాలు. ఎండతో పంతానికి పోవద్దు.

జూన్–సెప్టెంబరు: ఎనిమిది నుంచి పది గంటలు. ఈత 100 మీటర్లు మూడు నిమిషాల్లో అలవోకగా రావాలి. గడువులో బయటపడాలంటే 100 మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్లు మించకూడదు కాబట్టి ఆ కాస్త వెసులుబాటు అవసరం.

అక్టోబరు–జనవరి: పన్నెండు నుంచి పదిహేను గంటలు. గోవా పోటీ ఈ మధ్యలోనే చేసుకోవచ్చు. శనివారం సైకిల్ 100తో మొదలై 160 దాకా, ఆదివారం పరుగు 30 దాకా. ప్రతి నాలుగో వారం మూడోవంతు తగ్గించండి. సంక్రాంతి సరిగ్గా ఈ ఒత్తిడిలోనే పడుతుంది. అరిసెలు మానక్కర్లేదు, 150 కిలోమీటర్లు తొక్కినవాడికి ఆ బెల్లం ఎటుపోతుందో కూడా తెలియదు. పండగ మూడు రోజులూ సాధన మానేసి, నాలుగో రోజు రెండింతలు చేయడమే అసలు తప్పు.

ఫిబ్రవరి: ఆఖరి మూడు వారాలు క్రమంగా తగ్గింపు. ఈ వారాల్లో కొత్తగా వచ్చే బలమేమీ ఉండదు.

సైకిల్ దిగిన వెంటనే ఇరవై నిమిషాల పరుగు వారానికి ఒకసారైనా ఉండాలి. మొదటి కిలోమీటరులో కాళ్లు కొయ్యల్లా ఉంటాయి. ఆ అనుభూతి పాతబడాలి.

5. నీళ్లు: నది, ఆ తర్వాత చలి

కొలనులో 3.8 కిలోమీటర్లంటే 25 మీటర్ల చొప్పున 152 సార్లు. ప్రతి మలుపులో గోడను తన్ని ముందుకు వెళతాం. సరస్సులో గోడ ఉండదు, అడుగున నల్లగీత ఉండదు. అందుకే వారానికి ఒకసారి కొలను బయట, నదిలాంటి చోట ఈదాలి.

కృష్ణలో ఒంటరిగా దిగొద్దు. ఘాట్ల దగ్గర ఏళ్లుగా ఈదుతున్న బృందాలతో, అనుమతి ఉన్నచోట, పక్కన పడవ పెట్టుకుని, నడుముకు నారింజరంగు తేలే బుడగ కట్టుకుని దిగండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో నీటి జోలికే వెళ్లొద్దు. ప్రతి ఆరు ఎనిమిది బారలకు ఒకసారి కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి గుర్తు చూసుకోవడం నేర్చుకోండి. నాకు ఇంద్రకీలాద్రి మీది గుడి గోపురమే గుర్తు. మొదటి రోజు తల పైకెత్తినప్పుడల్లా అది కొత్తచోట కనిపించింది.

ఇక చలి. టౌపో సరస్సు మార్చిలో 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మన కొలను 30. చల్లటి నీరు ఛాతీకి తగలగానే ఊపిరి మన అదుపు తప్పి ఎగపోస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ రెండు నిమిషాలను ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు.

నేను మేడ మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు నింపి, ఐసు ఫ్యాక్టరీ నుంచి పాతిక కిలోల ముక్క గోనెపట్టాలో చుట్టి తెచ్చి వేసేవాడిని. థర్మామీటరు 16 చూపించాక మెడదాకా దిగి మూడు నిమిషాలు. మొదటి రోజు "ఓం" అనబోయి "ఓ" దగ్గరే ఆగిపోయాను. ఆరో రోజుకు మా ఆవిడతో మాట్లాడుతూ కూర్చోగలిగాను. ఆవిడ అక్కడ ఉండటం ఈ సాధనలో ముఖ్యమైన భాగం. ఒంటరిగా చేయొద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అసలే వద్దు.

వెట్‌సూట్ సంగతులు:

- ఈ పోటీల్లో సాధారణంగా నీరు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్‌తో ఈదినవారికి బహుమతులు ఉండవు. అంతకంటే చల్లగా ఉంటే ఇబ్బంది లేదు. మందం 5 మిల్లీమీటర్లు మించకూడదు.
- పాదానికి పాలిథిన్ సంచి తొడిగి ఆపై సూటులో దూర్చండి, జర్రున జారుతుంది. గోళ్లతో లాగితే చిరుగుతుంది.
- మెడ వెనక వెట్‌సూట్‌కు పనికొచ్చే క్రీము పట్టించండి. లేకపోతే ఉప్పుకాగితంతో రుద్దినట్టు లేచిపోతుంది.
- మన కొలనులో సూటు వేసుకుని ఇరవై నిమిషాలు మించి ఈదొద్దు. ఒళ్లు ఉడికిపోతుంది.

6. సైకిల్: చదునైన ఊరివాళ్ల కష్టం

అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద తెల్లవారుజామున ఎన్ని చుట్లైనా తిరగవచ్చు, కానీ అది బల్లపరుపు. ఎత్తుల కోసం గుంటూరు దగ్గరి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతూ ఉండండి. నెలకోసారి శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వైపు ఎక్కితే నిజమైన కొండ అంటే ఏమిటో కాళ్లకు తెలుస్తుంది. జాతీయ రహదారి మీద చీకట్లో తొక్కొద్దు.

బృందంతో వెళ్లేవాళ్లకు ఒకరి వెనక ఒకరు దాక్కోవడం అలవాటు. పోటీలో అది నేరం. ముందు సైకిల్‌కూ మీకూ మధ్య 12 మీటర్లు, అంటే సుమారు ఆరు సైకిళ్ల పొడవు ఉండాలి. తప్పితే అయిదు నిమిషాల శిక్ష. అందుకే పెద్ద సవారీలు ఒంటరిగా చేయండి, లేదా దూరం పాటిస్తూ చేయండి.

ఐరోపా వెళ్లేవాళ్లకు రెండు అదనపు జాగ్రత్తలు. అక్కడ చాలా దేశాల్లో కుడివైపు తొక్కి, ఎడమవైపు నుంచి దాటాలి. ఆ దేశాల్లో అద్దె సైకిల్ తీసుకుంటే ముందు చక్రం బ్రేకు సాధారణంగా ఎడమచేతికి ఉంటుంది. మన అలవాటులో గట్టిగా పట్టారంటే హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతారు.

7. తిండి: గంటకు అరవై గ్రాములు

గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం, అర లీటరు నుంచి ముప్పావు లీటరు ద్రవం. ఇది ఆకలితో నిమిత్తం లేని లెక్క, గడియారం చూసి తినాలి.

నా సీసా ఇది: ముప్పావు లీటరు నీళ్లు, 60 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. ఇది ఒక గంటకు. దీనితోపాటు ఒక మోస్తరు అరటిపండు వేస్తే మరో 25 గ్రాములు. సైకిల్ చివరి గంటల్లో తీపి మొహం మొత్తుతుంది, అప్పటికి ఉప్పు వేసిన ఉడికిన చిలగడదుంప ముక్కలు దాచుకోండి. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

సాధనలో తినని వస్తువు పోటీలో తినొద్దు. ముందు రెండు రోజులు గుంటూరు కారానికి, పప్పులకు, కూరగాయల పీచుకు సెలవు. తెల్లన్నం, కాస్త ఉప్పు, చాలు.

8. పెట్టె, కాగితాలు

గన్నవరం నుంచి ఈ పోటీల ఊళ్లకు నేరుగా వెళ్లే విమానం ఉండదు. హైదరాబాదు దాకా విడి టికెట్టు కొంటే, దేశీయ విమానాల్లో సాధారణంగా ఉచిత సామాను 15 కిలోలే. సైకిల్ పెట్టె ఒక్కటే 20 దాటుతుంది. ఒకే టికెట్టు మీద ఆఖరి ఊరిదాకా కొనండి, లేదా పెట్టెను రోడ్డు మీద హైదరాబాదు చేర్చండి. ఆక్లాండ్ నుంచి టౌపోకు మళ్లీ మూడున్నర గంటల రోడ్డు ప్రయాణం. కారు బుక్ చేసేటప్పుడు పెట్టె పడుతుందో లేదో అడగండి.

విప్పే ముందు సీటు ఎత్తు, హ్యాండిల్ కోణం దగ్గర టేపు ముక్క అంటించి ఫొటో తీయండి. ఎడమ పెడల్ మర ఎదురుగా ఉంటుంది, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పి విప్పాలి. వెనక డెరైల్యర్ (గేర్లు మార్చే భాగం) విప్పి గుడ్డలో చుట్టండి. గాలి నింపే గ్యాస్ గుళికలను చాలా విమానయాన సంస్థలు ఒప్పుకోవు, అక్కడే కొనండి. విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి.

న్యూజిలాండ్ వెళ్లేవారు టైర్లు, బూట్లు మట్టి లేకుండా కడగండి, పాత దంతాల బ్రష్షు ఇందుకు బాగా పనికొస్తుంది. తిండి వస్తువు ఏదున్నా అధికారులకు ప్రకటించాలి. దాచితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె అసలు తీసుకెళ్లొద్దు.

- వీసా దరఖాస్తు రెండు మూడు నెలల ముందు
- పోటీ క్రీడలకు వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉన్న ప్రయాణ బీమా (మామూలు బీమాలో చాలాసార్లు ఇది ఉండదు)
- హెల్మెట్, బూట్లు, ఈత కళ్లద్దాలు, పెడళ్లు చేతిసంచిలో. పెట్టె ఆలస్యమైనా ఇవి ఉంటే అద్దె సైకిల్‌తో గట్టెక్కవచ్చు.

9. పోటీ వారం, పోటీ రోజు

ఆరేడు రోజుల ముందే చేరండి. గడియారం ఏడున్నర గంటలు ముందుకు జరుగుతుంది, నిద్ర సర్దుకోవాలి. పోటీ మొదలయ్యే వేళకే మూడు రోజులు సరస్సులో దిగండి. సైకిల్ బిగించాక ఇరవై కిలోమీటర్లు తొక్కి చూడండి.

పోటీ రోజు మూడు గంటల ముందు తినండి. నీళ్లలో మొదటి అయిదు నిమిషాలు ఎంత నెమ్మదిగా ఉంటే అంత మంచిది. వేగంగా ఈదేవాళ్లను ముందుకు పోనిచ్చి పక్కన నిలబడండి. సైకిల్‌ను ముట్టుకునే ముందే హెల్మెట్ పట్టీ బిగించాలి, లేకపోతే శిక్ష. తొలి 40 కిలోమీటర్లు "మరీ తేలిగ్గా ఉందే" అనిపించాలి. పరుగులో ప్రతి నీళ్ల బల్ల దగ్గరా నడవండి, సిగ్గుపడకండి.

10. ఎక్కువగా జరిగే తప్పులు

నీళ్లలో ఊపిరి ఆడకపోవడం: వెల్లకిలా తిరిగి తేలండి, ముప్పై అంకెలు లెక్కపెట్టండి, చెయ్యెత్తితే పడవ వస్తుంది. పడవ పట్టుకుని ముందుకు కదలకుండా విశ్రాంతి తీసుకోవడానికి సాధారణంగా అనుమతి ఉంటుంది.

కడుపు ఉబ్బరం: వేగం తగ్గించి పది నిమిషాలు నీళ్లు మాత్రమే గుక్కగుక్కగా తాగండి. తర్వాత మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

కొత్త బూట్లు: దిద్దుబాటు లేదు. తెచ్చుకోకండి.

పోటీ వారంలో విరాళాల సందేశాలకు జవాబులు రాస్తూ నిద్ర చెడగొట్టుకోవడం: ఫోను ఇంట్లో ఎవరికైనా అప్పగించండి. నేను మా చెల్లెలికి అప్పగించాను. నాకంటే ఆమె అడిగినప్పుడే ఎక్కువ వచ్చింది.

11. తిరిగొచ్చాక రెండు వారాల్లో

పతకం ఫొటోకు ముందు లెక్క పంపండి. మొత్తం ఎంత వచ్చింది, ఆన్‌లైన్ వేదిక రుసుము ఎంత పోయింది, సంస్థకు ఎంత చేరింది, దానితో ఏం కొన్నారు. 101 ఇచ్చినవారికీ, పదివేలు ఇచ్చినవారికీ ఒకే కాగితం. రసీదు రానివాళ్ల జాబితా తయారుచేసి, సంస్థ చేత వాళ్లకు రసీదులు పంపించండి.

ఇస్తామని మాటిచ్చి ఇవ్వనివాళ్లు పదిమందిలో ఒకరైనా ఉంటారు. రెండుసార్లు గుర్తుచేయండి. మూడోసారి ఆ పేరు పుస్తకంలో కొట్టేసి, వాళ్లింట్లో పెళ్లికి మామూలుగానే వెళ్లండి.